పెద్ద చేపకు మేత చేపలు: గప్పీలను ఇంట్లోనే పెంచుకునే పద్ధతి

మా ఇంట్లో ఒక ఆస్కార్ ఉంది, చిన్న చేపల్ని మింగే పెద్ద అక్వేరియం చేప. పేరు రౌడీ. నాలుగేళ్లు దాటింది, అద్దం దగ్గరికి ఎవరొచ్చినా తినడానికి ఏదో తెచ్చారనే అనుకుంటుంది. అది పిల్లగా ఉన్నప్పుడు ఫీడర్లు, అంటే మేతగా వేసే చిన్న చేపలు, షాపులో కొని వేసేవాణ్ని. అడగ్గానే షాపువాడు ఒక కవర్లో వంద చిన్న గోల్డ్ ఫిష్ పోసి, గాలి కొట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి చేతిలో పెట్టేవాడు. ఒకసారి అలా తెచ్చినవాటిలో తెల్లారేసరికి సగానికి పైగా చచ్చి తేలాయి. బతికినవి బాగానే ఉన్నాయి కదా అని రౌడీకి వేసేశాను. వారం తిరక్కముందే దాని రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, రాళ్లకేసి ఒళ్లు గీరుకోవడం, మేత మానేయడం. రెండు వారాలు ఇంట్లో ఒకటే టెన్షన్. మందులకైన ఖర్చుతో ఏడాది పొడుగునా మంచి పెల్లెట్లు, అంటే గుళికల మేత, వచ్చేవి.

అప్పుడు తెలిసింది, ఎలాగూ చచ్చిపోయేవే కదా అని ఫీడర్లను ఎలా పడితే అలా ఉంచితే ఆ పాపం పెద్ద చేప మీద పడుతుందని. చూసి మురిసిపోవడానికి పెంచే చేపకు జబ్బు చేస్తే అది ఒక్కటే పోతుంది, ఫీడర్‌కు జబ్బు చేస్తే మాత్రం అది నేరుగా ఇంకో చేప కడుపులోకి వెళ్తుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు శుభ్రత విషయంలో రౌడీ ట్యాంకు కంటే దాని మేత కోసం పెంచే గప్పీల ట్యాంకుకే ఎక్కువ పట్టింపు. ఇది చదివి మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనివ్వండి.

ముందు ఏ చేప అన్నది తేల్చుకోండి

ఫీడర్లంటే షాపుల్లో ఎక్కువగా దొరికేవి రెండు. ఒకటి ఏరిపారేసిన చిన్న గోల్డ్ ఫిష్, రెండోది రంగులు సరిగ్గా రాని గప్పీలు, మాలీలు. గోల్డ్ ఫిష్ వద్దు. అవి రోగాలు మోసుకొస్తాయన్నది ఒక కారణం, అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. గోల్డ్ ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ను విరగ్గొట్టేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు కానీ, నెలల తరబడి అదే మేతగా పెడితే పెద్ద చేపకు బి1 అందక నీరసపడుతుంది, ఈత తూకం తప్పుతుంది, ముదిరితే వంకర్లు తిరిగిపోతుంది. చాలామంది అప్పుడు నీళ్లు బాలేదనుకుని నీళ్లు మారుస్తూ కూర్చుంటారు. కార్పు జాతి చేపపిల్లలదీ ఇదే గొడవ, కాబట్టి చెరువుల్లో వదిలే సీడ్ చవగ్గా దొరికింది కదా అని తెచ్చుకుని రోజూ వేయకండి.

గప్పీ, మాలీ, ప్లాటీ లాంటి పిల్లల్ని కనే చేపల్లో ఈ తంటా లేదు. పైగా అవి ఇంట్లోనే పెరుగుతాయి, గుడ్లు పొదిగించే పనుండదు, నెలనెలా పిల్లల్ని పెడతాయి. నా ఓటు గప్పీకే. మాలీ సైజు కాస్త పెద్దది కాబట్టి బాగా ఎదిగిన ఆస్కార్‌కో, అరోవానాకో పనికొస్తుంది, కానీ దానికి చోటు ఎక్కువ కావాలి.

కాలవలో గుడ్డ పరిచి పట్టిన పరిగెలు వేయొచ్చా అని అడిగేవాళ్లుంటారు. చిన్నప్పుడు మనమందరం పట్టినవాళ్లమే. కానీ బయటి చేపల ఒంట్లో ఏ పురుగుందో, ఆ కాలవలోకి ఏ పొలం మందు దిగిందో చెప్పలేం. జెల్ల పిల్లలైతే అసలు వద్దు. వాటి రెక్కల ముల్లు నిక్కబొడుచుకుని పెద్ద చేప గొంతులో అడ్డం పడుతుంది, దాన్ని తీయడం మన వల్ల కాదు. జిలేబీ (తిలాపియా) పిల్లలకీ వెన్ను మీద ముళ్లుంటాయి.

ఎన్ని కావాలో లెక్క వేసుకోండి

లెక్క లేకుండా మొదలుపెడితే రెండే జరుగుతాయి, చాలకపోవడం లేదా ఇల్లంతా గప్పీలమయం కావడం. నేను వారానికి రెండుసార్లు, సారికి నాలుగైదు గప్పీలు వేస్తాను. అంటే వారానికి పది, నెలకు నలభై. మిగతా రోజులన్నీ పెల్లెట్లే. ఇది గట్టిగా చెబుతున్నాను, బతికున్న చేపలు ఆస్కార్‌కు పండగ వంటలాంటివి, రోజూ పెట్టే అన్నం మాత్రం మంచి పెల్లెట్టే. రోజూ ఫీడర్లే వేస్తే కొన్నాళ్లకు అది పెల్లెట్ వైపు తిరిగి కూడా చూడదు, అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా మూల కూర్చుంటుంది.

నెలకు నలభై రావాలంటే ఎనిమిది ఆడవి, మూడు మగవి చాలు. ఒక్కో ఆడది దాదాపు నాలుగు వారాలకోసారి ఇరవై నుంచి నలభై పిల్లల్ని పెడుతుంది, చిన్న వయసుదైతే ఇంకా తక్కువ. అందులో కొన్నిటిని తల్లులే తినేస్తాయి, కొన్ని పోతాయి. సగం మిగిలినా మనకు కావలసినదానికి రెట్టింపు. మగవి ఎక్కువ వేయకండి, రోజంతా వెంటపడి ఆడవాటిని తిననివ్వవు, నిలవనివ్వవు. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. ఇంకో సంగతి, ఆడ గప్పీ ఒకసారి జత కడితే ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని తర్వాత నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. షాపు నుంచి ఒక్క ఆడదాన్నే తెచ్చినా పిల్లలు పుట్టాయని ఆశ్చర్యపోకండి.

పుట్టిన పిల్ల రెండు సెంటీమీటర్లకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి మొదటి మూడు నెలలు ఒక్క గప్పీని కూడా పెద్ద చేపకు వేయకండి. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేక తల్లుల్నే వేసేస్తారు, అంటే విత్తనం గింజల్ని వండుకు తిన్నట్టే.

ట్యాంకులు, తొట్లు

రెండు ట్యాంకులు కావాలి. తల్లులకు ఒకటి, పిల్లలు పెరగడానికి ఇంకొకటి. తల్లులకు డెబ్బై, ఎనభై లీటర్లది చాలు, పిల్లలకూ అంతే, ఇంకా పెద్దదైతే మంచిది. గాజుదే అక్కర్లేదు. బాల్కనీలో నీడ ఉంటే పెద్ద ప్లాస్టిక్ టబ్బు చాలు. చేపల మార్కెట్ దగ్గర ఐసు వేసి రొయ్యలు, చేపలు తెచ్చే పెద్ద థర్మాకోల్ బాక్సులు పడేస్తుంటారు, గట్టిది ఒకటి తెచ్చుకుని నీచు వాసన పోయేదాకా కడిగి, రెండు రోజులు నీళ్లు నింపి కారడం లేదని చూసుకుని వాడుకోవచ్చు. చలికాలం హైదరాబాద్ రాత్రుల్లోనూ, ఎండాకాలం విజయవాడ మధ్యాహ్నాల్లోనూ థర్మాకోల్ చేసే మేలు గాజు చేయదు. సబ్బు, డిటర్జెంట్ మాత్రం తగలనివ్వకండి, ఉప్పుతో రుద్ది కడగండి.

అడుగున రాళ్లు, ఇసుక ఏమీ వేయకండి. చూడ్డానికి బోడిగా ఉంటుంది, నిజమే. కానీ మిగిలిపోయిన మేత, రెట్ట, చచ్చిన చేప ఏదైనా వెంటనే కంటికి కనబడుతుంది, సన్న పైపుతో రెండు నిమిషాల్లో లాగేయొచ్చు. తల్లుల ట్యాంకులో మాత్రం ఒక మూల గుప్పెడు జావా మాస్ అనే నాచు కానీ, ఒత్తుగా పెరిగే హార్న్‌వోర్ట్ మొక్క కానీ పడేయండి. పుట్టిన పిల్లలు దాక్కోవడానికి అదే దిక్కు. చెరువులోంచి నాచు, అంతరతామర తెచ్చి వేస్తే నత్తలూ, చేపపేనూ ఉచితంగా వస్తాయి.

ఫిల్టర్ విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి, అంతే. మోటార్ ఉన్న పవర్ ఫిల్టర్ పిల్లల్ని లోపలికి లాగేస్తుంది. స్పాంజిని కుళాయి కింద కడగకండి, క్లోరిన్ తగిలి అందులో ఉన్న మంచి బ్యాక్టీరియా అంతా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లలోనే నాలుగుసార్లు పిండితే చాలు.

ఆ బ్యాక్టీరియా కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫీడర్లు గుట్టలుగా చచ్చిపోయేది చాలావరకు ఇక్కడే. చేప రెట్టలోంచి, మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. స్పాంజిలో చేరే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, అది అంతగా బాధించదు, వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త టబ్బులో కుళాయి నీళ్లు పోసి అదే రోజు వంద ఫీడర్లు పోస్తే మూడో రోజుకు నీళ్లు పాలవిరుగుడులా అయిపోయేది, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచేది ఇందుకే. అడ్డదారి ఒకటుంది. కొత్త స్పాంజ్ ఫిల్టర్‌ను మీ పెద్ద చేప ట్యాంకులో మూడు వారాలు నడిపించి, తర్వాత తెచ్చి ఫీడర్ల ట్యాంకులో పెట్టండి. మీ ఆస్కార్ ఆరోగ్యంగా ఉంటే ఇది భేషుగ్గా పనిచేస్తుంది. రివర్స్‌లో మాత్రం ఎప్పుడూ చేయకూడదు, ఫీడర్ల ట్యాంకు నుంచి స్పాంజ్ కానీ, వల కానీ, పైపు కానీ, ఒక్క మగ్గు నీళ్లు కానీ పెద్ద ట్యాంకులోకి పోకూడదు. మా ఇంట్లో ఫీడర్ల వలకు ఎర్ర దారం కట్టి ఉంటుంది, మా అబ్బాయికి కూడా ఆ సంగతి తెలుసు.

నీళ్లు

బోరు నీళ్లు గరుకుగా ఉన్నాయని, కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటోందని విసుక్కుంటాం కదా, గప్పీలకు ఆ నీళ్లే ఇష్టం. వాటికి పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార కొలత, 7 నుంచి 8 మధ్య ఉండి, ఖనిజ లవణాలు ఉన్న నీళ్లు కావాలి. ప్యూరిఫయర్‌లోంచి వచ్చే ఆర్ఓ నీళ్లు పోస్తే మంచిదేమో అనుకుని పోసేవాళ్లున్నారు, ఆ నీళ్లలో ఖనిజాలు ఉండవు, గప్పీలు వాడిపోయి రెక్కలు ముడుచుకుంటాయి. బోరు నీళ్లను ఒక బకెట్‌లో పట్టి ఒక పూట గాలి ఆడనిస్తే చాలు.

మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే పలుకులు సోడియం థయోసల్ఫేట్, బకెట్‌కు మూడు నాలుగు పలుకులు వేసి కలిపితే నిమిషాల్లో పని అయిపోతుంది. లేకపోతే ఒక రోజంతా వెడల్పు తొట్టిలో నిలవ ఉంచండి. వేసవిలో ట్యాంకర్ నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి, ఆ నీళ్లు ఎక్కడివో, వాటిలో బ్లీచింగ్ ఎంత కలిపారో రోజుకోలా ఉంటుంది. ట్యాంకర్ వచ్చిన రోజు నీళ్లు మార్చే పని పెట్టుకోకండి.

వారానికి ఒకసారి మూడో వంతు నీళ్లు మార్చండి, పిల్లల ట్యాంకులో రెండుసార్లు. మొత్తం నీళ్లు ఒక్కసారే పారబోసి, ట్యాంకు తోమి, మళ్లీ నింపే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, శుక్రవారం ఇల్లు కడిగినట్టు. చేపలకు అది భూకంపం. తీసిన నీళ్లు పారబోయకండి, కరివేపాకు చెట్టుకు పోయండి, ఎలా ఎదుగుతుందో చూడండి.

24 నుంచి 28 డిగ్రీలు గప్పీలకు హాయి. మన దగ్గర ఎండాకాలం ఆ మాటకొస్తే మనకే హాయి లేదు. నీళ్లు 32 దాటుతుంటే మూత తీసి, టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదుగా తిప్పండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది, అందుకే మే నెలలో కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే గంటల్లో చేపలు పోతాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి కొని పక్కన పెట్టుకోండి, లేదా ఉన్నదాన్ని ఇన్వర్టర్ లైనుకు కలపండి. చలికాలం ఉత్తర తెలంగాణ వైపు ఉన్నవాళ్లకు చిన్న హీటర్ అవసరం పడుతుంది.

మొదటి బ్యాచ్ తెచ్చుకునేటప్పుడు

షాపులో చేపను కాదు, ముందు ట్యాంకును చూడండి. అడుగున చచ్చినవి కనబడితే వెనక్కి తిరిగి వచ్చేయండి. వల వేయబోతే చేపలు పారిపోవాలి, వేసినా కదలకుండా మూలన గుంపుగా ఉన్నాయంటే బాలేదని అర్థం. రెక్కలు ముడుచుకోవడం, పైపైన నోరు తెరవడం, గోడకేసి గీరుకోవడం, వెన్ను వంకర, లోపలికి పోయిన పొట్ట, ఇవన్నీ వద్దనడానికి కారణాలే. మన ఊళ్ల షాపులకు చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు వైపు నుంచి పెట్టెల్లో వస్తాయి, రాత్రంతా బస్సులోనో, రైల్లోనో ప్రయాణం చేసి. లోడు దిగిన రోజే కొనకుండా "అన్నా, ఇవి ఎప్పుడొచ్చాయి?" అని అడిగి, వారం ఆగి, అప్పటికీ బతికి చలాకీగా ఉన్నవాటిని తెచ్చుకోండి.

ఒకటి చాలా దగ్గరగా చూడాలి. గప్పీ వెనక భాగంలో, రెట్ట వచ్చే చోట, ఒక్కోసారి ఎర్రటి సన్న దారాలు బయటికి వేలాడుతూ ఉంటాయి. చేప ఆగినప్పుడు బయటికి వస్తాయి, కదలగానే లోపలికి పోతాయి. అది కామలానస్ పురుగు. పిల్లల్ని కనే చేపల్లో ఎక్కువగా కనబడుతుంది, తిన్న చేపకూ అంటుకుంటుంది. ఒక్క చేపలో కనబడినా ఆ ట్యాంకులోని ఏ చేపనూ కొనకండి. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే బాగా తెలుస్తుంది, షాపువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. గోల్డ్ ఫిష్ అయితే ఒంటి మీద దారం ముక్క గుచ్చినట్టు యాంకర్ పురుగు, పారదర్శకంగా చిన్న బిళ్లలా అతుక్కున్న చేపపేను కనబడతాయి.

ఇంటికి తెచ్చాక కవర్‌ను పదిహేను, ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, మీ ట్యాంకు నీళ్లు ఒక్కో గ్లాసు కొద్దికొద్దిగా పోయండి. చివరికి చేపల్ని మాత్రం వలతో తీసి వేసి, కవర్ నీళ్లు బయట పారబోయండి. నాలుగు వారాలు వాటిని వాటి మానాన ఉంచాలి. ఇదే క్వారంటైన్. మొదటి వారం లీటరుకు ఒక గ్రాము లెక్కన కల్లుప్పు వేయండి, అంటే ఐదు లీటర్లకు ఒక టీస్పూన్, గప్పీలు ఉప్పును బాగా తట్టుకుంటాయి. విడిగా నీళ్లలో కరిగించి, రెండు రోజుల మీద కొంచెం కొంచెంగా పోయండి. నాచు మొక్కలు మాత్రం ఆ ఉప్పుకు వాడిపోవచ్చు, వాటిని అప్పుడే వేయకండి.

ఈ నాలుగు వారాల్లో తెల్ల చుక్కలు కనబడితే కంగారు పడొద్దు, తొందరా పడొద్దు. చుక్క లోపల ఉన్న పురుగును ఏ మందూ ఏమీ చేయలేదు. అది చేపను వదిలి కిందపడి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదే సమయంలోనే చస్తుంది. అందుకే నీళ్ల వేడిని మెల్లగా 30 డిగ్రీల దాకా పెంచుతారు, దాని బతుకుచక్రం త్వరగా తిరగాలని. గాలి బుడగలు ఎక్కువ చేయండి, ఉప్పో, షాపులో ఇచ్చే తెల్ల చుక్కల మందో పది, పద్నాలుగు రోజులు ఆపకుండా వాడండి. మూడో రోజుకు చుక్కలు మాయమయ్యాయి కదా అని ఆపేస్తే మళ్లీ వస్తుంది, నాకు రెండుసార్లు వచ్చింది. మందు వేసిన చేపల్ని మాత్రం పెద్ద చేపకు మేతగా వేయకండి, వాటిని తల్లులుగా ఉంచుకోండి, వాటి పిల్లలే మీకు ఫీడర్లు. నిజానికి షాపు చేపను ఎప్పుడూ నేరుగా మేతకు వాడకుండా ఇంట్లో పుట్టినదాన్నే వేయగలిగితే రోగాల తలనొప్పి చాలావరకు వదిలినట్టే.

చిక్కిపోయి, వెన్ను వంగి, ఒంటి మీద మానని పుండ్లతో ఉన్న చేపలకు చేపల క్షయ అయ్యుండొచ్చు. అది మన చేతి చర్మానికి కూడా అంటుతుంది. చేతికి గాయం ఉన్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టకండి, తప్పదనుకుంటే గ్లౌజులు వేసుకోండి.

పిల్లలు పుట్టే రోజు

ఆడదాని తోక ముందు పొట్ట కింద ఒక నల్ల మచ్చ ఉంటుంది. రోజులు దగ్గర పడేకొద్దీ అది పెద్దదై ముదురుతుంది, పొట్ట గుండ్రంగా కాకుండా పెట్టెలా పలకలు తేలుతుంది. దగ్గర్నుంచి చూస్తే ఆ మచ్చలో చిన్న చిన్న కళ్లు కూడా కనబడతాయి. పిల్లలు ఒక్కొక్కటీ మడతపెట్టిన కాగితం ముక్కలా బయటికి జారి, ఒక క్షణం కిందికి మునిగి, విప్పుకుని ఈదుతూ నాచులోకి పోతాయి. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ స్టూల్ లాక్కుని గంటన్నర కూర్చుంది. ఆ తర్వాత వాటిని రౌడీకి వేస్తానంటే వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే విషయం.

ఆడదాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బంధించి పిల్లల్ని కనేలా చేసే పద్ధతి నాకు నచ్చదు, దానికి బెదురెక్కువై ఒక్కోసారి కానుపు మధ్యలోనే ఆగిపోతుంది. నాచు ఒత్తుగా ఉంటే సగం పిల్లలు వాటంతటవే బతుకుతాయి. మర్నాడు పొద్దున చిన్న కప్పుతో వాటిని ఎత్తి పిల్లల ట్యాంకులో వేసుకోండి, వలతో వద్దు.

పిల్లలకు రోజుకు మూడు నాలుగుసార్లు మేత పెట్టాలి. మామూలు గుళికల్ని వేళ్ల మధ్య నలిపి పొడి చేసి వేయండి. ఉడికిన గుడ్డు పచ్చసొన కూడా పెడతారు కానీ ఆవగింజంత వేయాల్సింది ఉసిరికాయంత వేసేసి నీళ్లు కుళ్లబెట్టుకునేవాళ్లే ఎక్కువ, తెలియకపోతే దాని జోలికి పోకండి. అన్నిటికంటే బలమైనది ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. కాకినాడ, భీమిలి తీరంలో రొయ్యపిల్లల హేచరీల్లో దీన్నే డబ్బాల కొద్దీ వాడతారు. అక్వేరియం షాపుల్లో చిన్న సీసాల్లో గుడ్లు దొరుకుతాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ అడుగు కోసి, మూత బిగించి తలకిందులుగా పెట్టి, లీటరు నీళ్లలో పాతిక గ్రాముల కల్లుప్పు కలిపి, అర టీస్పూన్ గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి గొట్టంతో బుడగలు వదలండి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజు, ఒకటిన్నర రోజుకు నారింజ రంగు చుక్కలు కదులుతూ కనబడతాయి. గాలి ఆపి, బాటిల్ కింద వైపు టార్చ్ వేస్తే అన్నీ వెలుగు దగ్గరికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. వాటిని పాత కాటన్ గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి పిల్లలకు వేయండి. ఆ తినడం చూడాలి మీరు, పొట్టలు నారింజ రంగులోకి తిరిగిపోతాయి.

నెల దాటాక మగవి తేలిపోతాయి, పొట్ట కింది రెక్క సన్నగా పుల్లలా మారుతుంది. అప్పుడే మగవాటిని విడిగా తీసి ముందు వాటినే మేతకు వాడండి. లేకపోతే పిల్లలకు పిల్లలు పుట్టి లెక్క చేయి దాటిపోతుంది. బాగా ఎదిగిన ఆడవాటిలో చలాకీగా ఉన్న రెండు మూడింటిని తల్లుల కోసం పక్కన పెట్టుకోండి. ఏళ్ల తరబడి అదే కుటుంబంలో జత కడుతుంటే వంకర వెన్నులు మొదలవుతాయి, ఏడాదికోసారి బయటి నుంచి రెండు మగవాటిని తెచ్చి, మళ్లీ నాలుగు వారాల క్వారంటైన్ తర్వాత కలపండి.

వేసే రోజు

ఆకలితో ఉన్న ఫీడర్‌ను వేయడమంటే అన్నం లేని క్యారియర్ ఇచ్చి పంపినట్టే, పెద్ద చేపకు దక్కేది ముళ్లూ చర్మమూ. వేయబోయే గప్పీల్ని ఒకటి రెండు రోజుల ముందే విడిగా తీసి, మంచి పెల్లెట్ పొడి, స్పిరులినా అనే నాచు పొడి ఉన్న మేత కడుపు నిండా పెట్టండి. ఉడికించి మెత్తగా నలిపిన పాలకూర కూడా తింటాయి. వాటి కడుపులో ఏముందో అదే మీ చేపకు అందుతుంది.

సైజు పెద్ద చేప నోట్లో సులువుగా పట్టేంతే ఉండాలి. సాయంత్రం లైటు ఉండగానే వేయండి, ఒకేసారి డజను కాకుండా రెండు వేసి, అవి తిన్నాక ఇంకో రెండు. వలతో పట్టి, ఆ నీళ్లు పూర్తిగా కారనిచ్చి, మంచినీళ్లున్న గిన్నెలో ముంచి, అప్పుడు చేత్తోనో, ఇంకో వలతోనో వేయండి. పది నిమిషాల్లో తినని వాటిని బయటికి తీసేయండి. బెదిరి, అలసిపోయి, ఫిల్టర్ వెనక రెండు రోజులు దాక్కుని అక్కడే చచ్చిపోతే నీళ్లు పాడవడం తప్ప ఇంకేం ఉండదు. తీసినదాన్ని తిరిగి ఫీడర్ల ట్యాంకులో వేయొచ్చా అంటే, నేను వేయను, విడి టబ్బులో ఉంచుతాను.

కొర్రమీను పెంచేవాళ్లకు ఒక మాట. తెలంగాణ రాష్ట్ర చేప అది, ఇంట్లో పెంచాలన్న సరదా చాలామందికి ఉంటుంది. కదిలేదే తింటుంది, అందుకే దానికి ఫీడర్లు తప్పవు అనుకుంటారు. కానీ మొదట బతికున్న గప్పీ, తర్వాత చచ్చిన గప్పీని దారానికి కట్టి ఆడించడం, తర్వాత రొయ్య ముక్క, చివరికి పెల్లెట్, ఇలా నెలా రెండు నెలల్లో మారుతుంది. ట్యాంకుకు బరువైన మూత ఉండాలి, లేకపోతే పొద్దున్న హాల్లో దొరుకుతుంది.

ఎక్కువైపోయిన గప్పీల్ని ఏం చేయాలన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. చెరువులోనో, కాలవలోనో వదిలేయకండి. దోమల కోసమని ఇటలీ నుంచి 1928లో మన దేశానికి తెచ్చిన గంబూషియా చేప ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది, మన చిన్న చేపల గుడ్లనూ పిల్లల్నీ తింటోంది. అక్వేరియం అద్దాలు నాకుతుందని పెంచి చెరువుల్లో వదిలేసిన సక్కర్ చేప వల్ల మన చేపల రైతుల వలలు చిరిగిపోతున్నాయి. తెలిసినవాళ్లకు ఇవ్వండి, షాపులో అడిగితే తీసుకుంటారు. మేడ మీద కలువ తొట్టో, మూత లేని నీళ్ల తొట్టో ఉన్నవాళ్లకు నాలుగు ఇస్తే దోమ లార్వా ఒక్కటి మిగలదు, డెంగీ రోజుల్లో వాళ్లు మీకు దండం పెడతారు.

ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలో చెప్పి ఆపేస్తాను. ఎదిగిన గప్పీలు నాలుగైదు రోజులు తిండి లేకపోయినా దర్జాగా ఉంటాయి, రౌడీ లాంటిది వారం కూడా ఉంటుంది. నెలలోపు పిల్లలు ఉంటే మాత్రం ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. కిందటి సంక్రాంతికి ఊరెళ్తూ ఎదురింటి పిన్నిగారికి తాళంచెవి ఇచ్చి, రోజుకు చిటికెడు వేయమని చెప్పాను. పాపం చేపలు ఆకలిగా చూస్తున్నాయని ఆవిడ రోజూ గుప్పెడు వేశారు. తిరిగొచ్చేసరికి ట్యాంకు గంజినీళ్లలా ఉంది, వాసన గుమ్మం దగ్గరికే వచ్చింది. ఇప్పుడు ఏ రోజు మేత ఆ రోజుకు చిన్న కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్తున్నాను.